ఇళయరాజా థీమ్ సంగీతం: నాకు ఇష్టమైనవి, వాటిని వినే పద్ధతి

"ఇళయరాజా పాటలు పక్కన పెట్టి, ఆయన థీమ్ సంగీతంలో మీకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఏవి? సంగీతం నేర్చుకోనివాళ్లు నేపథ్య సంగీతాన్ని ఎలా వినాలి?" అన్నది ప్రశ్న. నేను చాలా ఏళ్లుగా వయొలిన్ వాయిస్తూ, నేర్పుతూ ఉన్నాను. ఆయన బాణీలను చెవితో పట్టుకుని స్వరాలు రాసుకోవడం తీరిక దొరికినప్పుడల్లా చేసే పని. కాబట్టి కాస్త విస్తారంగానే చెబుతాను.

నాకు అన్నిటికన్నా పైన ఉండేది 'దళపతి'. ఆ తర్వాత 'నాయకుడు', 'గీతాంజలి', 'సాగర సంగమం', వంశీ తీసిన 'సితార', 'అన్వేషణ'. ఈ వరుస మీద నాతో వాదించేవాళ్లు చాలామంది ఉంటారు, ఉండాలి కూడా. అయితే ప్రశ్నలో "పాటలు పక్కన పెట్టి" అన్న షరతును మాత్రం నేను ఒప్పుకోలేను. ఇళయరాజా దగ్గర పాటనూ నేపథ్యాన్నీ విడదీస్తే అసలు గుట్టు చేజారిపోతుంది. ఆయన ఉత్తమమైన పనిలో థీమ్, అంటే సినిమాలో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే బాణీ, పాటలో పుట్టి, అక్కడి నుంచి సన్నివేశాల్లోకి నడిచి వస్తుంది. పాటగా ఉన్నప్పుడు దానికి మాటలుంటాయి, తాళముంటుంది, వెనక నిండు వాద్యబృందం ఉంటుంది. సన్నివేశంలోకి వచ్చేసరికి వీటిని ఒక్కొక్కటిగా వదిలించుకుంటూ వస్తారు. మొదట మాటలు పోతాయి, తర్వాత తాళం. చివరికి ఒక వేణువో, ఒంటరి వయొలినో, కొన్నిసార్లు వట్టి గొంతో మిగులుతుంది. కథ ముదిరేకొద్దీ సంగీతం పలచబడుతుంది. మాటలు పోయినా, వాటిని ఒకసారి విన్న ప్రేక్షకుడి మనసు ఆ ఖాళీని తనే పూరించుకుంటుంది. ఆయన థీమ్‌లు అంత లోతుగా దిగబడటానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే ఆయన పనిచేసిన పద్ధతి కొంచెం తెలియాలి. సినిమావాళ్ల భాషలో నేపథ్య సంగీతం కూర్చడాన్ని రీరికార్డింగ్ అంటారు. ఫిల్ముల కాలంలో సినిమా రీళ్లుగా ఉండేది. 35 ఎంఎం ఫిల్ము వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. ఇళయరాజా రీలు చూసి, వాద్యమేదీ ముట్టుకోకుండా, నేరుగా కాగితం మీద స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య పద్ధతిలో గీతల మీద స్వరాలు గుర్తించే రాత) రాసేవారు. వయొలిన్లు ఏమి వాయించాలి, వయొలిన్ జాతికే చెంది లోతుగా పలికే చెల్లోలు ఏమి వాయించాలి, వేణువు ఎక్కడ అందుకోవాలి, కింది స్వరాలు పలికే బేస్ గిటార్ ఎక్కడ ఆగాలి అన్నదంతా ఆ కాగితం మీదే తేలిపోయేది. వాద్యకారులు ఎవరి భాగాన్ని వారు దానిలోంచి ఎక్కించుకునేవారు. తెర మీద రీలు ఆడుతుంటే, నిర్వాహకుడి చేతి లెక్కను బట్టి బృందమంతా కలిసి వాయించాలి. లెక్కలో రెండు అక్షరాల కాలం తప్పితే, తలుపు తెరుచుకునేటప్పుడు వినిపించాల్సిన స్వరం తలుపు మూసుకున్నాక వినిపిస్తుంది. అలా తప్పితే మళ్లీ మొదటి నుంచి వాయించడమే. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద స్వరాన్ని అటూ ఇటూ జరిపి సర్దుకుంటున్నాం. ఆ రోజుల్లో ఆ సర్దుబాటంతా రాసేవాడి తలలో ముందే జరిగిపోవాలి.

ఆ కాగితాలకు ప్రాణం పోసినవాళ్లను కూడా తలుచుకోవాలి. వయొలిన్‌కు వి.ఎస్. నరసింహన్, ప్రభాకర్, వేణువుకు అరుణ్‌మొళిగా కూడా పిలిచే నెపోలియన్, గిటార్‌కు సదానందం, బేస్ గిటార్‌కు శశిధరన్, డ్రమ్స్, లయ ఏర్పాట్లకు పురుషోత్తమన్, కీబోర్డుకు విజీ మాన్యుయల్. ఏళ్ల తరబడి ఒకే రచయిత రాత చదివిన చేతులు ఇవి. ఈ బృందం ఆయన గొంతులో భాగమైపోయింది. మంచి థీమ్‌ను మరొకరు వాయించి యూట్యూబ్‌లో పెట్టినప్పుడు స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నా ఏదో లోటుగా అనిపించడానికి ఇదొక కారణం.

ఇక 'దళపతి'. 1991లో వచ్చిన మణిరత్నం సినిమా. కర్ణుడి కథకు ఈ కాలపు రూపం. పెళ్లి కాని అమ్మాయి కన్న బిడ్డను గూడ్సు రైలులో వదిలేస్తుంది. ఆ బిడ్డ సూర్య, రజనీకాంత్. తల్లి పాత్ర శ్రీవిద్యది. తెలుగులో 'ఆడజన్మకు ఎన్ని శోకాలో' అని మొదలయ్యే పాట ఆ తల్లి దుఃఖాన్ని పాడుతుంది. ఆ బాణీయే సినిమాలో తల్లీకొడుకుల థీమ్. అది ఎక్కువగా వేణువు మీద వస్తుంది, ఎక్కడా అరవదు. తల్లికి కొడుకు ఎవరో తెలియదు, కొడుకుకు తల్లి ఎవరో తెలియదు; కానీ ఇద్దరి మధ్యా ఏముందో ప్రేక్షకుడికి తెలుసు. తెర మీద ఎవరూ చెప్పలేని ఆ నిజాన్ని వేణువు ఒక్కటే పలుకుతూ ఉంటుంది.

దానికి తోడు రైలు కూత. ఈ సినిమాలో రైలు శబ్దం వట్టి పరిసర శబ్దంగా ఉండిపోదు. బిడ్డ వెళ్లిపోయింది రైలులో కాబట్టి, ఆ తర్వాత రైలు వినిపించినప్పుడల్లా తల్లి లోపల ఒక గాయం రేగుతుంది, సూర్యలో కారణం తెలియని కలత లేస్తుంది. కూత అనేది సంగీత వాద్యం కాదు, దానికి శ్రుతి అమరదు, రాగం ఉండదు. అయినా రెండోసారి వినిపించేసరికి అది కూడా థీమ్ అయిపోయింది. వేణువుకూ కూతకూ ఒక చుట్టరికం ఉంది: రెండూ గొట్టంలోంచి గాలి పోగా పుట్టే ధ్వనులే. ఇళయరాజా వేణువును ఎంచుకున్నది ఇందుకేనని నేను చెప్పలేను. నా చెవికి మాత్రం ఆ రెండూ ఒకే కుటుంబంలా వినిపిస్తాయి, ఒకదాని నుంచి మరొకదానికి మనసు అతుకు లేకుండా జారిపోతుంది.

అదే సినిమాలో దీనికి పూర్తిగా ఎదురు కొసన 'సుందరి నేనే నీవంట' ఉంది. యుద్ధ దృశ్యాల మీద నడిచే ఆ పాట చరణాల మధ్య వచ్చే సంగీతాన్ని వేరుగా తీసి వినండి. ఇత్తడి వాద్యాలు, స్ట్రింగ్స్ (వయొలిన్, చెల్లో వంటి తీగ వాద్యాల బృందం) కలిసి కదిలే తీరులో ఒక చిన్న సినిమా మొత్తం నడుస్తుంది. ఎదురుచూపు, దండయాత్ర, తిరిగి రావడం, అన్నీ ఆ కొద్ది సేపట్లోనే. చాలామంది సంగీత దర్శకులకు చరణాల మధ్య సంగీతం అంటే గాయకులు ఊపిరి తీసుకునే వ్యవధి. ఈయనకు అది కథ చెప్పే చోటు. థీమ్ సంగీతం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆయన పాటల్లోని ఈ మధ్య భాగాలను వదిలేస్తే సగం నిధిని వదిలేసినట్టే.

'నాయకుడు' 1987 నాటిది. అక్కడి థీమ్ తమిళంలో 'తెన్‌పాండి చీమయిలే' అనే జానపద ఫణితి గీతం. నిన్ను కొట్టిందెవరు అని ఒక పసివాణ్ని అడిగే పాట. ఇళయరాజా తానే పాడిన రూపం ఒకటుంది. కథానాయకుడు ఎంత పెద్దవాడైనా, ఎంతమందిని శాసించినా, విషాద ఘట్టాల్లో ఆ బాణీ తిరిగొచ్చి అతణ్ని మళ్లీ ఆ కొట్టబడిన పిల్లవాణ్ని చేస్తుంది. నేరసామ్రాజ్యం కథకు ఎవరైనా గంభీరమైన ఇత్తడి వాద్యాల థీమ్ రాస్తారు. ఈయన ఒక లాలిపాట లాంటి ప్రశ్నను రాశారు. ఆ పాత్ర మీద సినిమా మొత్తానికి ఉన్న జాలి ఆ ఎంపికలోనే ఉందని నా నమ్మకం.

ఆ జానపదం ఆయనకు పుస్తకాల నుంచి వచ్చింది కాదు. తమిళనాడులోని పణ్ణైపురంలో 1943లో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి పాడి వాయించిన అనుభవం అది. తర్వాత మద్రాసు వచ్చి ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు, సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా పనిచేశారు, 1976లో తమిళ సినిమా 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యారు. పల్లె పాట, పాశ్చాత్య సంగీతపు కట్టుబాటు, కర్ణాటక రాగం, ఈ మూడూ ఆయనలో విడివిడి గదుల్లో లేవు. ఒకదాని తలుపు తీస్తే మరొకటి కనిపిస్తుంది.

ఒకే థీమ్ ఒకచోట ఊరటనిచ్చి మరోచోట గుండెను పిండేయడం ఎలా జరుగుతుందని నా దగ్గర నేర్చుకునేవాళ్లు తరచూ అడుగుతారు. దీని వెనక ఉన్న సూత్రాన్ని మోహన రాగంతో తేలికగా చూపవచ్చు. స రి గ ప ద అనే అయిదు స్వరాలతో ఒక చిన్న బాణీ పాడండి. కింద తంబూరాలో షడ్జమం (స) మోగుతుంటే అది వెలుగుగా, నిబ్బరంగా ఉంటుంది. ఇప్పుడు పైన బాణీని ఏమాత్రం మార్చకుండా, కింద మోగే ఆధార స్వరాన్ని ధైవతానికి (ద) మార్చండి. పైన పాడుతున్నవి అవే స్వరాలు, అదే వరుస. కానీ వినేవాడి చెవికి ఇప్పుడు అది శుద్ధ ధన్యాసి. వెలుగు పోయి దిగులు వచ్చింది. ఆధారాన్ని గాంధారానికి (గ) మారిస్తే హిందోళం, రిషభానికి (రి) మారిస్తే మధ్యమావతి. కర్ణాటక సంగీతంలో దీన్ని గ్రహభేదం అంటారు, కచేరీలో విద్వాంసులు అరుదుగా చూపే నేర్పు ఇది. పాశ్చాత్య సంగీతంలో బాణీ కింద కార్డు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపు) మారినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. గోడ రంగు మార్చగానే అదే పటం వేరుగా కనిపించినట్టు, కింది స్వరం మారగానే పై బాణీ భావం మారిపోతుంది. రెండు సంప్రదాయాలనూ లోపలి నుంచి తెలిసినవాడు కాబట్టి ఇళయరాజా ఈ పనిని ఎక్కడ ఎంత చేయాలో కచ్చితంగా ఎరుగుదురు. అందుకే ఆయన థీమ్ వినేటప్పుడు పైన వేణువు మారిందా అని మాత్రమే చూస్తే చాలదు. కింద బేస్ ఎక్కడికి జరిగిందో వినాలి.

'గీతాంజలి' 1989లో వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా. ఇద్దరు ప్రేమికులు, ఇద్దరికీ ఆయుష్షు తక్కువ. ఇలాంటి కథకు విషాద రాగాలు కుమ్మరించడం అన్నిటికన్నా సులువైన దారి. ఆ దారిన ఆయన వెళ్లలేదు. 'ఓం నమః' పాటలో గుండె చప్పుడే లయ అయింది. తబలా, డ్రమ్స్ చేయాల్సిన పనిని గుండె చేస్తుంది. కథ మొత్తం ఆ గుండెలు ఎన్నాళ్లు కొట్టుకుంటాయన్న దాని మీద నిలబడి ఉంది కాబట్టి, ఆ శృంగార గీతంలో ప్రతి తాళపు దెబ్బా ఒక భయాన్ని కూడా వెంట తెస్తుంది. వేటూరి మాటల్లోనూ హృదయ లయ ప్రస్తావన ఉండటం వల్ల సాహిత్యం, లయ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. సుఖం, మృత్యుభయం ఒకే ధ్వనిలో ఉన్న పాట తెలుగు సినిమాలో నాకు మరొకటి తట్టడం లేదు. 'ఆమనీ పాడవే' గురించి ఇప్పటికే ఎంతో రాశారు కనుక వదిలేస్తున్నాను.

'సాగర సంగమం' విషయంలో కొంచెం ఆగాలి. 1983లో కె. విశ్వనాథ్ తీసిన ఈ సినిమాకు ఇళయరాజా సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆయనకు సంగీత దర్శకత్వానికి వచ్చిన తొలి మూడు జాతీయ పురస్కారాల్లో రెండు తెలుగు సినిమాలకే, రెండోది 'రుద్రవీణ'. 'సాగర సంగమం'లో థీమ్ అంటే ఒక బాణీ కన్నా ఒక నడక అని చెప్పాలి. 'తకిట తధిమి' పాట చూడండి. తకిట, తధిమి రెండూ మూడేసి అక్షరాల జతులు (నాట్యపు లయ పలుకులు), తిశ్ర నడక. నాట్యానికి అవి క్రమశిక్షణకు గుర్తులు. కానీ ఇక్కడ వాటిని పలుకుతున్నది తాగి, వానలో బావి గట్టు మీద ఆడుతున్న మనిషి. మూడేసి అక్షరాల ఆ తూగు తాగినవాడి అడుగుల తడబాటుకూ సరిపోతుంది, నర్తకుడి అడుగుల లెక్కకూ సరిపోతుంది. దేహం పడిపోతున్నా లోపలి లెక్క తప్పలేదని లయ చెబుతోంది. ఆ ఘట్టంలోనే ఆ మనిషి, కథానాయకుడైన నర్తకుడు బాలు, వానకు కథానాయిక మాధవి నుదుటి కుంకుమ చెరిగిపోకుండా అరచేయి అడ్డుపెడతాడు. ఆ దృశ్యానికి విలువ రావడానికి కారణం, అంతకు ముందు లయ మనకు ఆ మనిషి మీద కలిగించిన గౌరవం.

ముగింపులోని 'వేదం అణువణువున' హంసానంది. ఆ రాగంలో పంచమం (ప) లేదు. మన సంగీతంలో షడ్జమం తర్వాత నిలకడగా కూర్చోవడానికి చోటిచ్చే స్వరం పంచమమే. అది లేని రాగంలో గొంతుకు విశ్రాంతి స్థానం ఉండదు. ఎక్కడ ఆగినా ఇంకా ఎక్కడికో పోవాలనిపిస్తుంది. పైగా సాయంసంధ్య వేళకు చెప్పిన రాగం. వేదిక మీద శిష్యురాలు ఆడుతుంటే చక్రాల కుర్చీలో కూర్చున్న గురువు ప్రాణం పోతూ ఉంటుంది. ఆ సమయానికి పంచమం లేని సంధ్యారాగం కన్నా సరైన ఎంపిక ఏముంటుంది? ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో పాటు ఈ పాట పాడిన ఎస్.పి. శైలజే తెర మీద ఆ శిష్యురాలు కావడం అదనపు సొగసు. ఈ సన్నివేశం చూసినప్పుడల్లా నేను చివరి నిమిషాల్లో తెర నుంచి కళ్లు తిప్పుకుని కేవలం వింటాను. చూస్తూ వినడం నాకు ఇప్పటికీ కష్టం.

రాగం గురించి మాట వచ్చింది కాబట్టి తమిళ 'సింధు భైరవి' చెప్పకుండా ముందుకు పోలేను. 1985, కె. బాలచందర్. ఇందులో కథానాయిక ఒక శాస్త్రీయ విద్వాంసుడి ముందు తమిళ పల్లె పాట ఎత్తుకుని, పాడుతూ పాడుతూ త్యాగరాజ స్వామి 'మరి మరి నిన్నే' కీర్తనలోకి వెళ్లిపోతుంది. పల్లె పాటకూ కీర్తనకూ మధ్య గోడ లేదని వాదించి చెప్పకుండా పాడి చూపిస్తుంది. ఆ కీర్తన సంప్రదాయంగా కాంభోజిలో పాడేది. ఇళయరాజా దాన్ని సారమతిలో కూర్చారు. కీర్తన రాగం మార్చడాన్ని తప్పుపట్టేవాళ్ల అభ్యంతరం నాకు అర్థమవుతుంది, గురుముఖంగా నేర్చుకున్నవాళ్లకు అది నొప్పి కలిగించే విషయమే. అయినా సన్నివేశానికి కావాల్సింది పల్లె పాట రాగంలోంచి కీర్తన పుట్టుకురావడం. కాంభోజిలో అది జరగదు. చిత్ర గొంతులో ఆ మలుపు దగ్గర ఎక్కడ పల్లె ముగిసిందో ఎక్కడ త్యాగరాజు ఊరైన తిరువయ్యారు మొదలైందో పట్టుకోమని నా విద్యార్థులకు పరీక్ష పెడుతుంటాను. అదే సినిమాలో 'కలైవాణియే' అనే మరో పాట కల్యాణిలో కేవలం ఆరోహణ స్వరాలతోనే నడుస్తుంది. స్వరం ఎక్కడమే తప్ప మెట్టు మెట్టుగా దిగడం ఉండదు. లెక్క తెలియనివాళ్లకు అది హాయైన పాట, తెలిసినవాళ్లకు నోరు తెరిపించే పాట.

వంశీతో ఆయన కలిసి చేసిన పని గురించి తెలుగువాళ్లం ఇంకా సరిగ్గా మాట్లాడుకోలేదు. 1984 నాటి 'సితార'లో 'వెన్నెల్లో గోదారి అందం' ఎస్. జానకికి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. అది వెన్నెల పాట, నది పాట, అయినా సంతోషం పాట కాదు. స్ట్రింగ్స్ వరుసలు కింద పారుతుంటే పైన గొంతు ఒంటరిగా ఉంటుంది. మహల్లో బందీగా పెరిగిన అమ్మాయి ఒంటరితనాన్ని ఆ దూరమే చెబుతుంది. మరుసటి ఏడాది వచ్చిన 'అన్వేషణ'లో కథానాయిక పక్షుల కూతల్లో స్వరాలు వెతుకుతూ అడవికి వస్తుంది. సంగీత దర్శకుడికి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? అడవి ఒకవైపు పాటల పుట్ట, మరోవైపు హత్యలు జరిగే చోటు. 'కీరవాణి' పాట కీరవాణి రాగంలోనే ఉంది. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనే స్వరశ్రేణి, మన కీరవాణి ఒకటే. అందుకే ఆ పాటలో గమకం (స్వరాన్ని ఊపుతూ పలకడం), వయొలిన్ల సామూహిక కదలిక ఒకదానికొకటి అడ్డు రాకుండా ఇమిడిపోయాయి. ఈ సినిమాను రాత్రిపూట హెడ్‌ఫోన్లతో చూడమని చెబుతాను.

మిగతావి త్వరగా చెబుతాను. 'ఆదిత్య 369' కాలయంత్రపు కథ. రాయల కాలానికి ఒక ధ్వని, రాబోయే కాలానికి మరో ధ్వని ఇవ్వాల్సిన పని. కమల్ హాసన్ 'పున్నగై మన్నన్' 1986లో కంప్యూటర్ సాయంతో సంగీతం కూర్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. దాని థీమ్ ఇప్పటికీ కుర్రవాళ్ల కీబోర్డుల మీద మోగుతూనే ఉంది. మలయాళ 'పళశ్శి రాజా'కు నేపథ్య సంగీతంలో జాతీయ పురస్కారం వచ్చింది. 'హే రామ్' కథ వేరు: అప్పటికే మరొకరి బాణీలకు చిత్రీకరించిన పాటల దృశ్యాలకు, నటుల పెదాల కదలికకు సరిపోయేలా ఆయన కొత్త పాటలు కట్టారు. ముందు నేను చెప్పిన రీళ్ల లెక్క ఎంతగా ఆయన రక్తంలో కలిసిపోయిందో తెలియాలంటే అది చూడాలి.

నా ప్రధానమైన మాటకు ఎదురు సాక్ష్యాలు కూడా ఉన్నాయి, వాటిని దాచకూడదు. థీమ్ సినిమాలోంచే బలం తెచ్చుకుంటుందని అన్నాను. కానీ మణిరత్నం మొదటి సినిమా, 1983 నాటి కన్నడ 'పల్లవి అనుపల్లవి' థీమ్ ఎన్నో ఏళ్ల తర్వాత ఒక మొబైల్ ఫోన్ కంపెనీ ప్రకటనలో వాడితే, ఆ సినిమా పేరు కూడా ఎరుగనివాళ్లు దాన్ని కూనిరాగంగా తీసుకున్నారు. 'మౌనరాగం'లో తెలుగువాళ్లకు 'మల్లెపూల చల్లగాలి'గా తెలిసిన బాణీ 2007లో హిందీ 'చీనీ కమ్' టైటిల్ పాటగా మళ్లీ పుట్టింది. అక్కడ కథ వేరు, వయసులు వేరు, ఊరు వేరు. ఆ బాణీ మాత్రం కొత్త ఇంట్లో కూడా సొంత మనిషిలా మసలింది. కాబట్టి కొన్ని థీమ్‌లకు సినిమా ఆధారం అక్కరలేదు. వాటి సొగసు బాణీ కట్టుబాటులోనే ఉంది: చిన్న వాక్యం, దానికి కొంచెం మార్చిన మరో చిన్న వాక్యం, ఆ తర్వాత ఊహించని చోట ఒక ఎత్తు. ఇలాంటివి చెవికి ఒక్కసారి సోకితే చాలు.

అయినా యూట్యూబ్‌లో దొరికే థీమ్ సంకలనాలతో మాత్రమే ఆగిపోవద్దని గట్టిగా చెబుతాను. అవి అభిమానులు ప్రేమతో చేసినవే, వాటి వల్లే చాలా ముక్కలు మరుగున పడకుండా నిలిచాయి. కానీ సన్నివేశం నుంచి కోసి తెచ్చినప్పుడు ఆ ముక్కకు ముందున్న నిశ్శబ్దం పోతుంది. ఇళయరాజా సంగీతం ఎక్కడ మొదలుపెట్టారన్నది ఎంత ముఖ్యమో, అంతవరకు ఎక్కడెక్కడ మానేశారన్నది అంత ముఖ్యం. మాట పూర్తయ్యేదాకా ఆగి, ఎదుటివారి ముఖంలో ఆ మాట దిగిన తర్వాత మాత్రమే స్వరం పడే సందర్భాలు ఆయన సినిమాల్లో కోకొల్లలు.

సంగీతం రానివాళ్లు వినాల్సిన పద్ధతి నా అనుభవంలో ఇది. ఒక సినిమా ఎంచుకుని మొదటిసారి మామూలుగా చూడండి, ఏమీ వెతకవద్దు. మీ కళ్లు చెమర్చిన చోటు, ఒళ్లు జలదరించిన చోటు గుర్తుంచుకోండి. రెండోసారి ఆ చోట్లకు మాత్రమే వెళ్లి, బాణీ మోసే వాద్యం ఏదో పట్టుకోండి: వేణువా, వయొలినా, గిటారా, మనిషి గొంతా. అదే బాణీ పాటలో ఎక్కడ వచ్చిందో వెతకండి. తర్వాత అన్నిటికన్నా కష్టమైన పని, కానీ అన్నిటికన్నా ఫలమిచ్చే పని: పై బాణీని వదిలేసి కింద బేస్ గిటార్‌ను, చెల్లోలను మాత్రమే వినడానికి ప్రయత్నించండి. ఫోను స్పీకరులో అవి వినిపించవు, మంచి హెడ్‌ఫోన్లు కావాలి. శశిధరన్ బేస్ వేళ్లు పాట వెంట ఊరికే నడవవు. కింద మరో పాట పాడుతుంటాయి. ఒకసారి అది చెవిన పడితే, మీరు వందల సార్లు విన్న పాట కొత్తగా కనిపిస్తుంది. రాగాల పేర్లు తెలియకపోయినా నష్టం లేదు. పేరు తర్వాత వస్తుంది. ముందు తేడా వినిపించాలి.

రెండు స్వరరేఖలు ఒకేసారి నడిచే ఈ పద్ధతిని, పాశ్చాత్యులు కౌంటర్‌పాయింట్ అనేదాన్ని, సినిమా అడ్డు లేకుండా వినాలనుకుంటే 1986లో వచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్ దగ్గరికి వెళ్లండి. త్యాగరాజుకూ జర్మన్ స్వరకర్త బాక్‌కూ ఆయన సమర్పించిన నివాళి అది, వయొలిన్ వి.ఎస్. నరసింహన్. అందులో 'ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్' అనే ముక్క బాక్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన మూడో పార్టీటా (కొన్ని చిన్న భాగాల వరుసగా ఉండే రచన) లోని ప్రెలూడ్ (ఆరంభ భాగం) మీద కట్టింది. బాక్ రాసిన రేఖ తన దారిన పోతుంటే, పైన మన వయొలిన్ గమకాలతో మరో రేఖ అల్లుతుంది. ముందు బాక్ ప్రెలూడ్‌ను ఒక్కదాన్నే రెండు మూడు సార్లు వినండి, అది మీ నోట్లో ఆడేదాకా. ఆ తర్వాత ఇళయరాజా ముక్క పెట్టుకుని, పైనున్న వయొలిన్ వెంట పోకుండా బాక్ రేఖను చివరిదాకా పట్టుకోగలుగుతారేమో చూడండి. అది పట్టుబడిన తర్వాత 'సితార'కు తిరిగి వస్తే, జానకి గొంతు కింద స్ట్రింగ్స్ ఏమి చేస్తున్నాయో మీకు ఎవరూ చెప్పనవసరం లేదు.